సున్నం మచ్చల్లో ఒక ఎముక

ఇన్నేళ్ళూ భుజాల మీద మోసిన సీసపు ఆప్రాన్ మీద ఒట్టు. నా ఒంటి మీద పడిన కిరణాలను నాకంటే నమ్మకంగా లెక్కపెట్టిన జేబు బ్యాడ్జి మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. ఇంకా చాలదేమోనని మా ఆవిడ మీద కూడా వేద్దామనుకున్నాను. ఆవిడ వంటింట్లోంచే పసిగట్టి, "నా జోలికి రాకండి. మీ మీద మీరే వేసుకోండి" అంది. నా మీద నేను వేసుకున్న ఒట్టును మేముండే పేట మహూజ్‌లో ఒక్కరూ నమ్మరు. అందుకే ఆప్రాన్ దగ్గర ఆగాను.

నా పేరు సూరిబాబు. మాది కాకినాడ దగ్గర. బహ్రెయిన్‌లో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఎక్స్‌రేలు తీశాను. చివరి కొన్నేళ్ళు వాటికి రిపోర్టులు కూడా రాశాను. రిటైరయ్యానని చెబితే అందరూ నా జుట్టు వంక చూస్తారు. రంగు వేయలేదు, అది అసలు నలుపే. వయసు మీద పడి మానలేదు నేను, వేరే ఏదో మీద పడి మానేశాను. అది చదువుతుంటే మీకే తెలుస్తుంది. మా ఆవిడ ఇక్కడే నర్సు, ఆవిడ వీసా మీద ఉంటున్నాను. వీసా ఇచ్చే యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు. ఇప్పుడు నా కఫీల్ మా ఆవిడే. పని చేయించుకోవడంలో ఏ కంపెనీకీ తీసిపోదు.

కొత్తగా వచ్చిన కుర్ర రేడియోగ్రాఫర్లు మా ఇంటికొచ్చి, "అంకుల్, మేమూ రిపోర్టింగ్‌లోకి వెళ్ళచ్చా?" అని అడుగుతుంటారు. ఏ పరీక్ష రాయాలో, ఎవరి సంతకం కావాలో చెప్పడానికి వేరే వాళ్ళున్నారు. ఆ పని మనిషిని ఏం చేస్తుందో చెప్పేవాళ్ళు లేరు. అందుకని రాస్తున్నాను.

చుక్క పెట్టిన రోజులు

పూర్వం మా పని ఫొటో తీయడం వరకే. చెయ్యి ఇలా పెట్టు, కదలకు, అయిపోయింది. ఆ చెయ్యి విరిగిందో లేదో మాకు అప్పుడే తెలిసిపోయేది. కాని చెప్పడానికి లేదు. రోగి మా మొహంలోకి చూసేవాడు, మేము గోడలోకి చూసేవాళ్ళం. ఎముకల మీద మాట్లాడే హక్కు రేడియాలజీ డాక్టరుది. ఆయన రిపోర్టు మర్నాడు వచ్చేది. ఈలోగా ఎమర్జెన్సీ డాక్టరు తన కంటికి తోచింది చూసుకుని మనిషిని ఇంటికి పంపేవాడు. రిపోర్టు వచ్చేసరికి ఆ మనిషి విరిగిన చేత్తోనే పనిలో ఉండేవాడు.

మధ్యేమార్గంగా మాకొకటి ఇచ్చారు. ఏదైనా తేడాగా కనిపిస్తే ఫిల్ము మీద ఎర్ర చుక్క పెట్టవచ్చు. మాట మాత్రం రాయకూడదు. శుభకార్యానికి బొట్టు పెట్టి పిలిచినట్టు, డాక్టర్‌గారూ ఒకసారి ఇటు దయచేయండి అని పిలవడమన్నమాట. వచ్చేవాళ్ళు వచ్చేవారు, రానివాళ్ళు రారు. రాకపోయినా తప్పు మాది కాదు.

నిజం చెప్పాలంటే ఆ రోజులు హాయిగా గడిచాయి. చుక్క పెట్టినవాడికి నిద్ర పడుతుంది. చుక్క కింద పేరుండదు.

ఆ తర్వాత కొందరికి తర్ఫీదు ఇచ్చి, చేతులూ కాళ్ళ ఎక్స్‌రేలకు అక్కడికక్కడే రిపోర్టు రాయమన్నారు. రోగి ఇంకా బెంచీ మీద ఉండగానే మా మాట డాక్టరు చేతిలో ఉండాలి. ఆ మాట కింద మా పేరుంటుంది. నేను ఎగిరి గంతేసి చేరాను. ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నవాణ్ని, చెప్పమంటే ఆగుతానా?

విశేషణాలు కొట్టేసిన డాక్టరమ్మ

నాకు తర్ఫీదు ఇచ్చిన రేడియాలజిస్టు డాక్టర్ మర్యమ్, బహ్రెయిన్ ఆవిడే. సన్నగా, నిదానంగా ఉంటుంది. నవ్వితే మాకు భయం వేసేది, ఎందుకంటే తప్పు దొరికినప్పుడే నవ్వేది.

నా మొదటి రిపోర్టులో "మణికట్టు దగ్గర భయంకరమైన విరుపు" అని రాశాను. ఆవిడ 'భయంకరమైన' కొట్టేసింది.

"భయం ఎవరిది? ఎముకదా, నీదా?"

"నాదే, డాక్టర్."

"నీది రిపోర్టులో వద్దు. నీ దగ్గరే ఉంచుకో, పనికొస్తుంది."

నా కోతల సంగతి ఆసుపత్రి అంతా తెలుసు. డేగ కథ ఆవిడ దాకా కూడా వెళ్ళింది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం తోబు అనే తెల్లని పొడుగు అంగీ వేసుకున్న పెద్దమనిషి ఒకాయన, కళ్ళకు తోలు టోపీ తొడిగిన వేటడేగను చేతి మీద పెట్టుకుని నేరుగా మా గదిలోకి వచ్చేశాడు. దాని రెక్క దెబ్బతింది. ఇది మనుషుల ఆసుపత్రి, పక్షులకు వేరే ఆసుపత్రులున్నాయి అంటే వినడు. అలవాటు కొద్దీ ఆ పక్షితో, "ఊపిరి బిగపట్టు" అన్నాను. అది బిగపట్టింది. "ఇక వదులు" అనేదాకా వదల్లేదు. మనుషుల్లో అంత మాట వినేవాణ్ని నేను చూడలేదు.

డాక్టర్ మర్యమ్ ఇదంతా విని అంది: "సూరీ, నోటితో ఏ డేగనైనా ఎగరెయ్యి. రిపోర్టులో మాత్రం మూడే. కనబడింది రాయి. కనబడనిది కనబడలేదని రాయి. ఊహించింది ఉంటే రాయకు, నాకు ఫోన్ చెయ్యి."

'విరగలేదు' వేరు, 'విరుపు కనబడలేదు' వేరు. మొదటిది చెప్పడానికి దేవుడై ఉండాలి. రెండోది చెప్పడానికి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే చాలు. పిల్లలూ, ఇక్కడ దాకా చదివి పుస్తకం మూసేసినా మీకు నష్టం లేదు. కాని గంగారాం సంగతి మిగిలి ఉంది.

ఎండ విరామంలో వచ్చిన కాలు

నడివేసవిలో మధ్యాహ్నం పూట ఎండలో బయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం. ఆ కొద్ది గంటల్లో మా ఎమర్జెన్సీ నిండిపోయేది. ఒంట్లో బాగాలేని కూలీ డ్యూటీ మానకుండా చూపించుకోగలిగే వేళ అదొక్కటే. బస్సు మళ్ళీ సైటుకు బయలుదేరేలోగా కాగితం చేతిలో పడాలి.

ఆ విరామంలోనే గంగారాం వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, హిద్‌లో ఒక కట్టడం దగ్గర పరంజా కట్టే పని. ముందురోజు దిగుతుంటే రెండు పైపుల మధ్య ఎడమ పాదం ఇరుక్కుంది, మనిషి ఒక పక్కకు తిరిగిపోయాడు. వెంట క్యాంపు రూమ్మేటు ఎల్లయ్య వచ్చాడు. గంగారాం పాదం పైనంతా తెల్లగా, బంకగా ఏదో ఎండిపోయి ఉంది. దాని మీద గుడ్డ చుట్టి ఉంది.

"ఎక్కడోళ్ళు సారూ మీరు?" అన్నాడు నేను తెలుగులో పలకరించగానే.

"కాకినాడ."

"ఆంధ్రనా? ఏడైతేంది, మనోళ్ళే గద. సారూ, గిది ఉత్త బెణుకు. ఏం లేదని రాయిండ్రి, బస్సుకు పోవాలె."

"ముందు ఫొటో తియ్యనీ."

"ఫొటో దీసినా ఏం రాదు సారూ. మా ఎల్లన్న బలవంతంగ గుంజుకొచ్చిండు. సైటుల పని ఒడుస్తున్నది. సగం మందిని ఇంటికి తోలుతరంట. కుంటోణ్ని ఉంచుకుంటరా? మీరే చెప్పుండ్రి."

ఫొటో తీశాను.

తెర మీద చూస్తే పాదం నిండా తెల్లని మచ్చలు. నక్షత్రాలు చల్లినట్టు. నా భుజం మీంచి తొంగిచూసిన ఎమర్జెన్సీ డాక్టరు యూసుఫ్ బిత్తరపోయాడు. "ఇన్ని ముక్కలా? ఈ మనిషి నడుచుకుంటూ ఎలా వచ్చాడు?"

నాకు అర్థమైపోయింది. బయటికొచ్చి ఎల్లయ్యను అడిగాను. "ఏం రాశావయ్యా కాలికి?"

"సున్నం, బెల్లం కలిపి పట్టేసిన సారూ. మా అవ్వ గిదే ఏస్తుండె. తెల్లారెవరకు వాపు గుంజేస్తది."

"గుంజిందా మరి?"

"గుంజుతున్నది. తొందర వెడితె ఎట్ల?"

సున్నం ఎక్కడిదని అడగలేదు. తంబాకు నలుపుకునేవాడి జేబులో సున్నం డబ్బా ఉండకపోదు. సున్నం ఎక్స్‌రేలో ఎముకలాగే తెల్లగా పడుతుంది. ఆ సంగతి యూసుఫ్‌కి చెప్పాను. చెప్పడం అంటే మామూలుగా కాదు. మా అమ్మమ్మ సున్నం పట్టుతో మొదలెట్టి, ఒకసారి మా ఊళ్ళో ఆ పట్టు వేస్తే గోడ బీటలు కూడా అతుక్కున్నాయని చెప్పాను. నర్సులు పోగయ్యారు. యూసుఫ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అయితే ఏమీ లేదన్నమాట. రాసెయ్ సూరీ. ఖలాస్."

కూర్చుని టైపు చేయడం మొదలెట్టాను. చర్మం మీద సున్నపు మచ్చలు. అక్కడ చెయ్యి ఆగింది.

బొటనవేలి ఎముక మొదలుకూ పక్కవేలి ఎముక మొదలుకూ మధ్య సందులో ఒక మచ్చ ఉంది. చిన్నది, బియ్యపు నూకంత. సున్నమే అయి ఉంటుంది. చుట్టూ అన్నీ సున్నమే కదా. ఇప్పుడే ఇంతమందిని నవ్వించాను కూడా. కాని ఆ సందులో ఎముకలను కట్టిపడేసే నార లాంటి లిగమెంటు ఒకటి ఉంటుంది. అది తెగేటప్పుడు ఒక్కోసారి నూకంత ఎముకను పీక్కుని వస్తుంది. దాన్ని చూడకుండా వదిలేస్తే పాదం మధ్యలో కూలిపోతుంది. ఆ మనిషి ఇక పరంజా ఎక్కడు సరికదా, కూరగాయల సంచితో ఇంటికి కూడా సరిగ్గా నడవలేడు.

కథ బాగా రక్తి కట్టినప్పుడు చెప్పేవాడు కూడా నమ్మేస్తాడు. నేనప్పటికే సగం నమ్మేశాను. బయట బెంచీ మీంచి గంగారాం గొంతు, "ఐపోయిందా సారూ? బస్సు పోతది."

డాక్టర్ మర్యమ్‌కు ఫోన్ చేశాను.

"పాదం మీద సున్నం ఉంది డాక్టర్. ఒక మచ్చ మాత్రం అనుమానంగా..."

"అదీ సున్నమేనా?"

"కావచ్చు."

"కడిగి చూశావా?"

"లేదు."

"కడుగు" అని పెట్టేసింది.

నిలబడమంటే నిలబడ్డాడు

కట్లు వేసే గదిలో సింకు ఉంది. గోరువెచ్చని నీళ్ళు పట్టి, గంగారాం పాదాన్ని నేనే కడిగాను. ఎల్లయ్య గుండెలు బాదుకున్నాడు.

"అయ్యో, కడుగుతున్నరా! రాతిరంత ఎండనిచ్చిన సారూ దాన్ని!"

"ఊకో ఎల్లన్నా. కడిగినంకనన్న రాస్తరేమో" అన్నాడు గంగారాం.

బెల్లం కరిగి నీళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. సున్నం పెచ్చులుగా ఊడింది. పాదం ఎత్తి కింద కూడా కడుగుతుంటే, అరికాలి నడిమధ్యన నల్లగా కమిలిన మచ్చ కనబడింది. ఉత్త బెణుకుకు అరికాలు కమలదు. నేను తలెత్తి అతని మొహంలోకి చూడలేదు. చూస్తే చదివేస్తాడు.

రెండోసారి ఫొటో తీశాను. నక్షత్రాలన్నీ పోయాయి. ఆ నూక మాత్రం అక్కడే ఉంది.

అయినా తేలలేదు. కొందరికి అదే చోట పుట్టుకతో చిన్న అదనపు ఎముక ఉంటుంది, దానివల్ల ఏ హానీ లేదు. ఇది ఏదో తెలియాలంటే ఒకటే దారి. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి, బరువు మోపి నిలబెట్టి తీయాలి. లోపలి లిగమెంటు తెగి ఉంటే, బరువు పడగానే సందు విచ్చుకుంటుంది. యూసుఫ్‌ను అడిగి సరేననిపించుకున్నాను.

"గంగారాం, నిలబడగలవా?"

అతని కళ్ళు వెలిగాయి. "నిలవడ్తె ఏం లేదని రాస్తరా?"

నేను అవుననలేదు. కాదనీ అనలేదు. "ఎంత ఓర్చుకోగలిగితే అంతే బరువు పెట్టు" అన్నాను. ఆ మాట అతనికి పందెంలా వినబడింది.

బల్ల పట్టుకోనన్నాడు. రెండు పాదాలూ సరిగ్గా ఆనించాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి, నుదుటి మీంచి చెమట గడ్డం దాకా జారింది. అయినా రెండు చేతులూ పక్కలకు చాచి, "సూడుండ్రి సారూ. ఏమన్నున్నదా?" అని నవ్వాడు.

బటన్ నొక్కాను.

కుడిపాదంలో ఆ సందు వెంట్రుకంత. ఎడమపాదంలో వేలు దూరేంత అని మామూలుగా అయితే చెప్పేవాణ్ని. అంత లేదు. కాని ఎవరు చూసినా తెలిసేంత ఉంది. ఏమీ లేదని చూపించడానికి అతను పెట్టిన బరువే లోపల ఏముందో విప్పి చూపించింది.

రిపోర్టు మూడు వాక్యాలు రాశాను. నూకంత ఎముక విరిగి వచ్చింది. నిలబడితే సందు విచ్చుకుంటోంది. ఈరోజే ఎముకల డాక్టరుకు చూపాలి. ఒక్క విశేషణం లేదు. యూసుఫ్ చదివి, ఈసారి నవ్వకుండా, ఫోన్ అందుకున్నాడు.

గంగారాంకి నేనే చెప్పాను.

"నిలవడ్డ గద సారూ!"

"నిలబడ్డావు కాబట్టే కనబడింది తమ్ముడూ. ఆపరేషన్ చేస్తారు. చేయకపోతే పాదం..."

"గింతసేపు నా కాలు మంచిగనే ఉండె." గొంతు పెంచలేదు. "మీరు రాసినంక ఇరిగింది."

ఎల్లయ్య నేల చూస్తూ అన్నాడు, "సున్నం కడగకపోతె ఎవ్వలకు కానరాకపోవు."

అది నిజమే. చక్రాల కుర్చీలో అతన్ని తీసుకెళ్తుంటే, కడిగిన ఎడమపాదం ఒక్కటే శుభ్రంగా, మిగతా కాలంతా సిమెంటు దుమ్ముతో కనబడింది. ఆపరేషన్‌కి వేరే ఆసుపత్రికి పంపారని సాయంత్రం తెలిసింది.

రాసిన తర్వాత

పిల్లలూ, ఈ పనిలో ఎముకలు చూడటం కష్టం కాదు. చూపు అలవాటవుతుంది. రాసిన తర్వాత బతకడం కష్టం. 'లేదు' అని రాస్తే నిజంగా లేదా అని భయం. 'ఉంది' అని రాస్తే, ఆ మాట వెళ్ళి ఎవరి పొట్ట మీద పడుతుందో అని భయం. డ్యూటీ దిగి మహూజ్ దాకా వచ్చి, కారు తిప్పుకుని మళ్ళీ వెళ్ళి, రాసింది ఇంకోసారి చూసిన రోజులున్నాయి. మా ఆవిడ నా చెప్పులు నా చేతికే ఇచ్చి, "వెళ్ళి చూసిరండి, అన్నం తర్వాత తిందురుగాని" అనేది.

కొన్ని ఆసుపత్రులు ఈ పనిని రేడియోగ్రాఫర్లకు ఇస్తున్నది డాక్టర్ల కొరత తీరుతుందని మాత్రమే. అలాంటి చోట, అనుమానం వస్తే ఫోన్ ఎత్తే డాక్టరు ఉన్నారా అని ముందు అడగండి. లేకపోతే చేరకండి. నాకు మర్యమ్ ఉంది కాబట్టి ఒక మనిషి పాదంలో విరుపు బయటపడింది. ఆవిడ ఫోన్ ఎత్తకపోయి ఉంటే, నా సున్నం కథ ఆ రిపోర్టు కింద నా పేరుతో ఉండేది. భయం లేనివాడు ఈ పనికి రాకూడదు. భయం ఒక్కటే ఉన్నవాడు ఎక్కువకాలం నిలవడు. నేను రెండో రకం వైపు జారుతున్నానని తెలిసిన రోజున మానేశాను.

గంగారాం మాత్రం మళ్ళీ కనిపించాడు. నేను మానేసిన కొన్నాళ్ళకు, ఒక శుక్రవారం మా ఇంటికే వచ్చాడు. ఆవేళ మా లిఫ్టు చెడిపోయింది. మెట్లన్నీ నడిచి ఎక్కాడు, వెనక ఎల్లయ్య రొప్పుతూ. గుమ్మంలో నన్ను చూసి, "నిలవడమంటరా సారూ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా కుడికాలు పైకెత్తి, ఎడమపాదం ఒక్కదాని మీద కొంగలా నిలబడ్డాడు. చేతులు చాచి, "ఇప్పుడు రాయిండ్రి" అన్నాడు. ముగ్గురం నవ్వాం. మా ఆవిడ చాయ్ ఇచ్చింది.

ఇక ఒట్టు సంగతి

ఇక్కడిదాకా రాసి మా ఆవిడకు చదవడానికిచ్చాను. అబద్ధం ఎక్కడుందో పట్టుకోమన్నాను. డేగ దగ్గర ఆగుతుందనుకున్నాను, మీలో చాలామంది ఆగినట్టే. ఆగలేదు. డేగ వచ్చిన రోజు ఆవిడ పక్క వార్డులోనే డ్యూటీలో ఉంది. ఆ పక్షి నిజంగానే కదలకుండా కూర్చుంది. ఊపిరి సంగతి పక్షికే తెలియాలి. గోడ బీటలు అబద్ధమని మీకే తెలుసు.

ఆఖరి పేజీ దగ్గర ఆగి ఆవిడ కళ్ళద్దాలు తీసింది.

"ఈ అబ్బాయికి నేనెప్పుడు చాయ్ ఇచ్చానండీ?"

ఇవ్వలేదు. గంగారాం మా ఇంటికి రాలేదు. ఆపరేషన్ జరిగిందో, పాదం నిలిచిందో, కంపెనీ ఉంచుకుందో ఇంటికి పంపిందో నాకు తెలియదు. ఆరోజు ఎల్లయ్య ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే పనిచేయడం లేదని వచ్చింది. హిద్ వెళ్ళి అడిగితే ఆ క్యాంపులో అంతా కొత్తవాళ్ళు. ఎమర్జెన్సీలో మన చేతికి మనిషి కథలో ఒకే ఒక్క పేజీ వస్తుంది. దాని మీద సంతకం పెట్టి ఇచ్చేయాలి. మిగతా పుస్తకం ఎవరూ తెచ్చి చూపించరు. అందుకని ఆఖరి పేజీ నేనే రాసుకున్నాను. కనబడనిది కనబడలేదని రాయమన్న డాక్టరమ్మ దీన్ని చూస్తే మొత్తం కొట్టేస్తుంది.

"తీసేయనా మరి?" అన్నాను.

మా ఆవిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "ఉంచండి. కాకపోతే కింద నిజం కూడా రాయండి" అంది. రాశాను.

లిఫ్టు చెడిపోయిందన్నది మాత్రం నిజం. ఈ వారమంతా అంతే. మెట్ల మీద అడుగుల చప్పుడైతే నేను చదివేది పక్కన పెట్టి, ఎడమపాదం సరిగ్గా పడుతోందా లేదా అని వింటున్నాను.